నెలకి పదహారు పేజీలు

మా మావయ్య వేలితో కవరు చింపగా చూసినవాళ్లు లేరు. ఎదుటివాళ్లు చింపితే మాత్రం వారం రోజులు వాళ్ల మొహం చూసేవాడు కాదు.

ఆయన లైబ్రేరియను, నేను ఆయన కింద అసిస్టెంటుని. ఆయన బల్ల మీద మూడు కత్తులుండేవి: కవర్లకి ఇత్తడిది, ఆఫీసు ఉత్తరాలకి చెక్కది, పుస్తకాలకి ఎముకది. ఆ ఎముక కత్తిని సొంత మేనకోడల్ని, నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒకసారి ఇంటికి టెలిగ్రాం వచ్చింది. చూస్తే ఇత్తడి కత్తి లైబ్రరీలో ఉండిపోయింది.

"చింపండీ, ఎవరికేమైందో ఏమో!" అని గోల పెట్టింది అత్తయ్య.

"వేలితోనా? నేనేమన్నా ఎలుకనా?"

ఆయన వెళ్లి కత్తి తెచ్చుకునేసరికి అత్తయ్య తమ్ముడు పెట్టె మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చేశాడు.

"స్టేషనుకి రమ్మని టెలిగ్రాం ఇచ్చానే, అందలేదా బావా?"

"అందింది. ఉండు, ఇప్పుడే తెరుస్తున్నా," అని మావయ్య నీటుగా అంచు కోసి, దాన్ని అతనికే చదివి వినిపించాడు.

ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు అంచులు కోయకుండానే వచ్చేవి. మడతలు కోస్తేగాని లోపలి పేజీలు చదవలేం. రిటైరైన పోస్టుమాస్టరు గారి ఆత్మకథ అలాంటిదే. నాలుగొందల పేజీలు. అందులో నూట ఇరవై పేజీలు పార్సిళ్లు తూచే త్రాసు గురించే.

"ఒక్కరైనా చివరిదాకా చదివితే రెండో భాగం రాస్తానమ్మా. లేకపోతే ఇక కలం ముట్టను," అన్నారాయన పుస్తకం నా చేతికిస్తూ. నవ్వుతూనే అన్నారుగానీ పుస్తకాన్ని మాత్రం వెంటనే వదల్లేదు. నాకు జాలేసింది.

నెలనెలా మొదటి సోమవారం పేపరు చదవాలంటూ వచ్చి, నేరుగా తన పుస్తకం ఉన్న బీరువా దగ్గరికే వెళ్లేవారు. వెళ్లినప్పుడల్లా ఇంకో పదహారు పేజీలు కోసి ఉండేవి.

"ఎవరోగాని బాగా నిదానస్థుడండీ!"

"రుచి చూస్తూ చదువుతున్నాడేమో లెండి," అనేవాడు మావయ్య తలెత్తకుండా.

రిజిస్టరు రాసేది నేనే. ఆ పుస్తకం ఎవరూ తీసుకెళ్లలేదు. ఓ శనివారం లైబ్రరీ మూసే వేళకి మావయ్య దొరికిపోయాడు. ముందు ఆ పుస్తకం, చేతిలో ఎముక కత్తి.

"ఊరికే కోసేసి పాపం ఆయన్ని నమ్మిస్తున్నావా మావయ్యా? ఇది మోసం కదూ?"

"ఊరికే కోశానని ఎవరన్నారే? చదివే కోస్తున్నా. నెలకి పదహారు దాటితే నావల్ల కావట్లేదు."

రెండేళ్లు దాటాక చివరి మడత తెగింది. పోస్టుమాస్టరు గారు అది చూసి కుర్చీలో కూలబడి, కళ్లజోడు తుడుచుకున్నారు. "చదివారమ్మా! ఎవరో చివరిదాకా చదివారు!" అని నాకు నాలుగుసార్లు చెప్పారు.

ఏడాది తిరక్కుండా రెండో భాగం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఏడొందల పేజీలు, ఒక్క మడతా కోయనిది.

"మీ పాఠకుడికి చెప్పండి. ఇందులో తపాలా సంచుల గురించి వివరంగా రాశాను."

ఆయన గుమ్మం దాటేదాకా మావయ్య నవ్వు మొహంతోనే ఉన్నాడు. తర్వాత ఎముక కత్తిని జేబురుమాలుతో తుడిచి, మొట్టమొదటిసారి నా చేతిలో పెట్టాడు.

"సంచుల సంగతి నువ్వు చూసుకో తల్లీ."