చెంబు జారిన సాయంత్రం

నా చిన్నప్పుడు జరిగింది జరిగినట్టే చెప్తానని మా అమ్మ బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా, వచ్చే ఆదివారం మా ఇంట్లో కోడికూర నాకు తప్ప అందరికీ దక్కుగాక.

అప్పట్లో మేం బెంజి సర్కిల్ దగ్గర్లో ఉండేవాళ్లం. మా వీధి చివరి పార్కులో ఎండాకాలం ఆదివారాలు సాయంత్రం పూట ఆటలూ పాటలూ పెట్టేవారు. అందులో జోకరు మా చిన్న మావయ్య. డిసెంబరులో ఇల్లిల్లూ తిరిగే మా చర్చి క్రిస్మస్ తాత కూడా ఆయనే. ముసుగేసుకుని ఆయన గెంతుతుంటే వీధి కుక్కలు మొరగడం మానేసి కూర్చుని చూసేవి. ఒకసారి ఓ గేదె నవ్వింది. నేను చూశాను.

ఆ ఆదివారం పక్కింటి అక్క నాట్యం ఉంది. కూచిపూడి. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, నెత్తిన నీళ్ల చెంబుతో, పళ్లేన్ని కాళ్లతోనే జరుపుకుంటూ ఆడాలి. వాళ్ల నాన్నగారికి వన్‌టౌన్‌లో చీరల కొట్టు. కూతురు గజ్జె కట్టడం ఆయనకి మొదట్నుంచీ గిట్టదు. "సరే, ఆడు. మన కొట్టుకొచ్చేవాళ్లంతా అక్కడే ఉంటారు. వాళ్ల ముందు ఆ చెంబు కింద పడిందా, గజ్జెలు అటక మీదికే" అన్నారు. అక్క ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

అక్క కంటే ముందు మావయ్య వంతు. ఆయన అదే నాట్యానికి తన వరస కట్టాడు. అన్నం గిన్నె మూత మీదెక్కి, నెత్తిన ప్లాస్టిక్ మగ్గు పెట్టుకుని, ఒళ్లంతా నీళ్లు ఒలకబోసుకుంటూ పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. ఆ నవ్వుల్లో సిమెంటు అరుగు తుడవాలని ఎవరికీ తోచలేదు, మావయ్యక్కూడా.

అక్క పళ్లెం ఆ తడి మీదికి రాగానే సర్రున జారింది. అక్క ఎలాగో నిలదొక్కుకుంది గానీ చెంబు నిలదొక్కుకోలేదు. ఎగిరెళ్లి, ముందు వరసలో వాళ్ల నాన్నగారి ఇస్త్రీ పంచె మీద, సరిగ్గా ఒళ్లో పడింది. పాట పెట్టినాయన పాట ఆపేశాడు.

అప్పుడు మావయ్య చెట్టు చాటునుంచి గావుకేక పెడుతూ వచ్చి, ఎన్నడూ నీళ్లు రాని ఫౌంటెన్ మీంచి గాల్లో మూడు పల్టీలు కొట్టి, అదే తడిలో అక్క కాళ్ల దగ్గర దభీమని పడ్డాడు. నవ్వుతూ లేచి, దులుపుకుని, ఆ నాన్నగారి ఒళ్లోంచి చెంబు తీసి అక్కకి అందించాడు. ఏడుస్తుందనుకున్నాను. అక్క మాత్రం అడుగున మిగిలిన నీళ్లు నిదానంగా మావయ్య నెత్తిన పోసి, ఖాళీ చెంబు తన నెత్తిన పెట్టుకుని మళ్లీ పళ్లెమెక్కింది.

ఈలలే ఈలలు. ఇదంతా ముందే అనుకున్న ఆటనుకున్నారు జనం. "మీ అమ్మాయి భలే నవ్వించిందండీ" అని కొట్టుకొచ్చేవాళ్లు చుట్టుముడితే, ఆయన తడి పంచె పిండుకుంటూ, "మరేనండీ, చెంబు నా ఒళ్లోనే పడాలని ఇంట్లో ఎన్నిసార్లు చేయించానో" అన్నారు. గజ్జెలు అటకెక్కలేదు.

ఎందుకలా దూకావని మర్నాడు అడిగితే మావయ్య, "ఒక్కళ్లు పడితే పరువు పోతుందిరా. ఇద్దరు పడితే అది ఆట" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. మొన్న ఉయ్యూరులో పెళ్లి భోజనాల దగ్గర వడ్డించే ఆయన సాంబారు బకెట్టుతో జారిపడ్డాడు. అందరి తలలూ అటు తిరిగేలోపు నేనూ కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. నన్ను లేపుతూ ఆయన నవ్వాడు. కావాలనే పడ్డానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

ఇక ప్రమాణం సంగతి. మావయ్య నవ్వుతూ లేచాడన్నది నేను కల్పించాను. చీలమండ బెణికి ఆయన లేవలేకపోయాడు. చెంబు కోసం పాక్కుంటూ వెళ్లాడు. జనం అదీ జోకే అనుకున్నారు. నాట్యం అయ్యేదాకా ఆ తడిలోనే నవ్వుతూ కూర్చున్నాడు. చివర్లో అక్కే వచ్చి భుజం పట్టి లేపింది.

కాబట్టి వచ్చే ఆదివారం కోడికూర మీరే తినండి. గేదె నవ్వడం మాత్రం నిజం.