అత్త తుడిచిన గొంతులు

మా మేనత్త పోయింది. చర్లలో జ్వరం తగిలింది, భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. కల్లూరులో నేను బడికి బయల్దేరుతుంటే, ఆమె దుకాణం పక్కన హోటల్ నడిపే ఆయన ఫోన్ చేశాడు. "సారూ, మీ అత్త లేదిగ. జల్దీ రా," అన్నాడు. ఏం జ్వరమో ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆ గుంతల రోడ్డు మీద, బండి కోసం ఎదురుచూడటంలోనే గడిచిపోయిన పొద్దు మీద. ఎవరి మీద చూపించను ఆ కోపం? మీకు ఆమె గురించి చెప్పుకుంటే కొంత తగ్గుతుందేమో.

చర్ల బస్టాండు ఎదురుగా ఆమెది సెల్ దుకాణం. మా మామ పెట్టింది. ఆయన లారీ ప్రమాదంలో పోయాక మూసెయ్యమని మేమంతా చెప్పి చూశాం. "మూసి మీ ఇంట్ల బోళ్లు తోమాల్నా అల్లుడా?" అని నన్నే ఎదురడిగింది. మామ గొంతు ఆమె ఫోన్లోని మెమరీ కార్డులో మిగిలి ఉండేది. ఎప్పుడో సరదాకి రికార్డు చేసిన ఒక్క మాట. రోజూ షట్టర్ ఎత్తగానే అది పెట్టేది. "ఏమే, ఛాయ్ పెట్టినవా?" అని మామ అడిగేవాడు. "పెట్టిన, తాగుపో," అని అత్త విసుక్కునేది. ఆ తర్వాతే బోణీ.

రీచార్జీలు, పాటలు ఎక్కించడం ఎలాగూ ఉండేవి. కానీ సంత రోజున దుకాణం నిండేది మెమరీ కార్డులు ఫార్మాట్ చేయించుకునేవాళ్లతో. కొత్తగా స్మార్ట్‌ఫోన్ కొన్నవాళ్లు పాత కార్డు అందులో పనిచెయ్యడానికి చేయించుకునేవారు. అడవి లోపలి ఊళ్లవాళ్లు భయంతో చేయించుకునేవారు. తిరిగిపోయేటప్పుడు పోలీసు క్యాంపు ముందు ఫోన్లు విప్పి చూస్తారు, ఏ పాట ఉందో, ఎవరి ఫోటో ఉందో అని. లోపలికి పోయాక అడవిలోని అన్నలు చూస్తారు. ఎవరి కంటికి ఏది తప్పో తెలియదు. ఖాళీ కార్డైతే ఎవరూ ఏమీ అనలేరు.

అత్త మాత్రం అడగకుండా ఏ కార్డూ తుడిచేది కాదు. "పోతే మళ్ల రానిది ఏమన్నా ఉన్నదా ఇండ్ల?" అనేది. నాకు చిరాకేసి, ఇంత జనంలో ప్రతివాడినీ అడగాలా అన్నాను ఒకసారి. "ఫోనే రెండుసార్లు అడుగుతది తుడవాల్నా అని. మనిషిని, నేను ఒక్కపాలి అడిగితే ఏం పోయింది?" అంది.

ఉందన్నవాళ్ల కార్డు తన దగ్గరే పెట్టుకుని, దారి కోసం ఖాళీ కార్డు ఇచ్చేది. వాళ్లు తమ చీర కొంగో తువ్వాలు అంచో కొంచెం చింపి ఇస్తే, అందులో కార్డును ముడుపులా కట్టి ఒక డబ్బాలో దాచేది. ఎవరి కార్డో ఆ గుడ్డే చెప్పేది. మళ్లీ సంతకు వచ్చినప్పుడు దుకాణం ముందున్న బెంచీ మీద కూర్చుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, తమవాళ్ల మాటలు వినిపోయేవారు. చాలావరకు చచ్చిపోయినవాళ్ల మాటలే. ఒక కోయ ఆడమనిషి కాన్పులో పోయిన తన కూతురి గొంతు వినడానికి ఒక్క సంత కూడా తప్పేది కాదు.

పోయిన వేసవి సెలవుల్లో నేను అక్కడే ఉన్నాను. ఒక మధ్యాహ్నం క్యాంపు నుంచి ఆఫీసరు ఒకరు ఇద్దరు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు. డబ్బా మూత తీసి ముడుపులు చూశాడు.

"ఇవి ఎవరెవరివమ్మా?"

"సంతల మంది సారూ. పేర్లు నేనేడ అడుగుత?"

"అయితే తీసుకుపోతాం. వింటే మాకే తెలుస్తుంది."

అత్త నా వైపు చూసింది. ఆ కార్డుల్లో ఏ పాటలున్నాయో ఆమెకూ తెలియదు. అన్నల పాట ఒక్కటి దొరికినా, ఆ గుడ్డ ఎవరిదో వాళ్ల ఇంటికి జీపు పోతుంది. "గట్లొద్దు సారూ. మీ ముంగటనే తుడుస్త, చూసుకోండ్రి," అంది. ఆయనకూ అవన్నీ మోసుకుపోయి వినే ఓపిక లేదేమో, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఒక్కొక్క ముడీ విప్పి, కార్డును తన ఫోన్లో వేసి, ఖాళీ చేసి ఆయనకు చూపించింది. ప్రతిసారీ నొక్కే ముందు ఆమె పెదవులు కదిలాయి. అడగడానికి మనిషి ఎదురుగా లేకపోయినా అడుగుతూనే ఉంది.

తర్వాతి సంతలో వచ్చినవాళ్లందరికీ ముఖం మీదే చెప్పింది. కొందరు తల వంచుకుని పోయారు. ఆ కోయ తల్లి మాత్రం కదల్లేదు. "ఒక్కపాలి కాన్పు చంపింది. ఇంకోపాలి నువ్వు చంపినవ్," అంది.

"వాళ్లను కాపాడటానికే చేశానని చెప్పొచ్చు కదా అత్తా," అన్నాను ఆమె పోయాక.

"ఆమె బిడ్డ గొంతు పోయింది అల్లుడా. నా మంచితనం ఆమెకెందుకు?"

మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తి ఎప్పటిలాగే మామ మాట పెట్టింది, ఎప్పటిలాగే జవాబిచ్చింది. తర్వాత ఫోన్లో ఫార్మాట్ అన్నచోటికి పోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను. "ఇది తుడవమని ఎవరూ అడగలేదు అత్తా!"

"అవ్. ఎవరూ అడగలే," అని నా చెయ్యి తీసేసి నొక్కింది. ఫోన్ మళ్లీ అడిగింది. మళ్లీ నొక్కింది.

అది నాకు ఇప్పటికీ నచ్చలేదు. ఎవరికి లాభం? ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా నన్ను బతిమాలలేదు.

తర్వాతి సంతలో ఆ కోయ తల్లి తల తిప్పుకుని దుకాణం దాటిపోతుంటే అత్త పరుగున పోయి ఆపింది. "అక్కా, మా ఆయన గొంతు గూడ తుడిచిన. ఇగ నా తాన ఎవరి గొంతు లేదు. జర కూసో."

ఆమె వెనక్కి తిరిగింది. వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"నీ బిడ్డ నిన్ను ఎట్ల పిలిచేది?" అని అడిగింది అత్త.

తమ భాషలో అమ్మను పిలిచే మాట మెల్లగా అంది ఆమె. వెంటనే తల అడ్డంగా ఊపింది. "గిట్ల కాదు. వాగు అవతల నిలవడి పిలిచేది."

"గట్లనే పిలువు మరి."

ఆమె లేచి నిలబడింది. రెండు చేతులూ నోటికి ఇరుపక్కలా పెట్టుకుని, తన బిడ్డలా, తనను తానే, గట్టిగా పిలిచింది. మిరపకాయలు తూస్తున్నవాళ్లు తక్కెడ ఆపి చూశారు. పిలుపు అయిపోయినా ఆమె చేతులు దించలేదు. అత్త పోయి ఆమె పక్కన నిలబడింది. ఇద్దరూ అడవి వైపే చూస్తూ, చెవులు రిక్కించి, అక్కడే నిలబడిపోయారు.