మిల్లు గుడ్డ మీద పన్ను

చీరాలలో మేం నేసిన చీరలు కొనేవాళ్లు లేక ఇంట్లోనే పేరుకుపోయాయి. మగ్గం ఆగిపోయింది. బడ్జెట్ వచ్చిన రోజు నేతగాళ్లంతా కాఫీ హోటల్ రేడియో చుట్టూ చేరారు. మిల్లు గుడ్డ మీద పన్ను పెంచి, ఆ డబ్బుతో చేనేతకు రిబేటు ఇస్తారని వినగానే నాన్న పొంగిపోయాడు.

"ఉన్నోళ్ల దగ్గర తీసుకుని మనకిస్తన్నార్రా!"

"నీ చొక్కా మిల్లుదేగా నాన్నా. ఆ ఉన్నోళ్లలో నువ్వూ ఉన్నావు," అన్నాను.

హోటలంతా నవ్వింది. మేం నేసింది మేమే కొనుక్కోలేని రోజులవి.

"నోర్ముయ్యరా! చీరలు కదిలితే చాలు," అన్నాడు నాన్న, తనూ నవ్వుతూ.

రిబేటు వచ్చాక చీరలు నిజంగానే కదిలాయి. తెల్లవారుజామునే మగ్గం చప్పుడు మళ్లీ మొదలైంది. ఆ బడ్జెట్ వల్ల మా ఇంట్లో నష్టపోయింది నా నిద్రొక్కటే. అలాంటి నష్టం మళ్లీ వస్తే బాగుండుననిపిస్తుంది.