ఆకుపచ్చ నాలుక

మా పెద్ద బావగారు ఇంటికొచ్చినవాళ్లకే కాదు, కవితాళ సంతలో కనబడినవాళ్లకు కూడా నాలుక చాపి చూపించేవారు. పచ్చగా ఉండేది. క్లోరెల్లా అనే నాచుపొడి మహిమ. "పత్రహరితం, మాంసకృత్తులు, కంటికి ల్యూటిన్! అన్నీ ఇందులోనే," అనేవారు. శుభ్రమైన నీళ్లలో పెంచి, పరీక్షించిన నాచులో అవి ఉంటాయని నేనూ ఒప్పుకుంటాను.

వరిమడిలో పాచి కనబడితే జీవితమంతా శివాలెత్తిన మనిషి, ఆ ఏడు ఆ పాచినే తీయించి మేడమీద మా వడియాల పక్కన ఎండబెట్టారు. "డబ్బాలో కొనేదీ ఇదీ ఒకటే అమ్మాయ్. రెండూ పచ్చనే కదా!" రక్తం తక్కువై మెట్లెక్కలేకపోతున్న ఆయన భార్యకు, అంటే మా అక్కకు, డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలు మాన్పించి ఈ పొడి పట్టాలని ఆయన పథకం.

గ్లాసులో కలిపి తెచ్చారు. నేను అడ్డం నిలబడ్డాను.

"మొన్న ఆ మడికే కదా బావగారూ, పురుగుమందు కొట్టించారు?"

"అదంతా ఎండకు పోతుందిలే. చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా?"

"అయితే ముందు మీరో గుటక వేయండి. అక్క తరవాత తాగుతుంది."

ఆయన గ్లాసు వంక చూశారు. "నాకు రక్తం బాగానే ఉందమ్మా."

అక్క లేచి, గ్లాసు తీసుకుని తూములో పారబోసి, మంచినీళ్లతో ఐరన్ మాత్ర వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే, పాచి చావడానికి, మడిలోకి కాలువనీళ్లు పారేచోట ఆయన మైలుతుత్తం మూట కట్టించారు. సాయంత్రం చుట్టాలొచ్చారు. బావగారు కొన్న డబ్బాలోని పొడి ఓ చెంచా నోట్లో వేసుకుని, నాలుక చాపారు.