రెండో వరుస సీసాలు

హోసూరులోని మా పరిశోధనశాలలో ఎలుకలను చూసుకునే సుబ్బరాయప్ప మనుషులతో మాట్లాడటం దాదాపు మానేసి ఐదేళ్లయింది. ఎలుకలతో మాత్రం పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా మాటలే. భార్య పిల్లమ్మ పోయాక, కెలవరపల్లి దగ్గరున్న రెండెకరాల రాగిచేను గుత్తకిచ్చి ఈ పనిలో చేరాడు. మధ్యాహ్నం మేమంతా క్యాంటీన్లో గోల చేస్తుంటే ఆయన బోన్ల గది వాకిట్లో ఒక్కడే సంగటి తినేవాడు. ఒంగోలు నుంచి వచ్చి గదిలో ఒంటరిగా ఉండే నాకు అలా తినడం ఎంత కష్టమో తెలుసు. రమ్మని పిలిచి పిలిచి విసుగొచ్చి మానేశాను.

మొన్న వేసవిలో కొత్త పరీక్ష మొదలైంది. క్యాన్సర్‌కు ఇచ్చే ఒక మందు పేగు లోపలి పొరను ఒలిచేస్తుంది. గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం ఇస్తే ఆ పొర నిలుస్తుందా అన్నది చూడాలి. ఎలుకలన్నిటికీ మందు సూది వేస్తాం. మొదటి వరుస బోన్లకు గ్లుటమిన్ పొడి కలిపిన నీళ్లు, రెండో వరుసకు ఉత్త నీళ్లు. ఏడో రోజు అన్నిటినీ నొప్పి తెలియకుండా చంపి పేగులు చూస్తారు. బరువులు రాసేది నేను, నీళ్ల సీసాలు మార్చేది సుబ్బరాయప్ప.

మూడో రోజుకే రెండో వరుస ఎలుకలు తిండి ముట్టడం మానేశాయి. వెంట్రుకలు రేగిపోయి మూలకు ముడుచుకున్నాయి. నాలుగో రోజు పొద్దున నేను వెళ్లేసరికి సుబ్బరాయప్ప మొదటి వరుస సీసా తీసి రెండో వరుస బోనుకు తగిలించబోతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏం పనండీ ఇది! ఇన్నాళ్ల కష్టం నీళ్లపాలు చేస్తారా? ఎట్లాగూ ఏడో రోజు పోయేవే కదా!"

"పోయేదానికి కడుపు కాలాల్నా ఉపేంద్రప్పా?" అన్నాడు. "మా పిల్లమ్మకూ ఈ మందే. కృష్ణగిరికి బస్సులో పిల్చుకొని పోయి ఎక్కించినాను. గుక్కెడు అంబలి తాగితే కడుపు పట్టుకొని ఏడ్చేది. బలం వస్తాదని నేనే బలవంతంగా పోసినాను. ఇదో, ఈటి మాదిరే మూలకు తిరుక్కొని పండుకొనేది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. అయినా చెప్పక తప్పలేదు. వీటికీ పొడి ఇచ్చేస్తే అది పనిచేస్తుందో లేదో ఎవరికీ తేలదనీ, రేపు ఇంకో ఇంట్లో ఇంకొకరు అట్లాగే కడుపు పట్టుకుంటారనీ చెప్పాను. ఆయన సీసాను తీసిన చోటే పెట్టేశాడు. మిగిలిన మూడు రోజులూ రెండో వరుస ముందే పీట వేసుకుని కూర్చున్నాడు.

ఎనిమిదో రోజు మా పరిశోధనశాల పెద్ద దివ్యశ్రీ మేడమ్ మైక్రోస్కోప్ మీంచి తలెత్తి, పొడి తాగిన ఎలుకల పేగులు చాలావరకు బాగున్నాయన్నారు. మనుషుల సంగతి ఇప్పుడే చెప్పలేమనీ అన్నారు. అయినా మాకు సంబరమే. వాకిట్లో ఖాళీ సీసాల బుట్ట పట్టుకుని నిలబడ్డ సుబ్బరాయప్ప నోరు విప్పాడు.

"అమ్మా, ఐదేండ్ల కింద ఈ పొడి అంగళ్లలో ఉన్నిందా?"

జిమ్‌కు పోయే మా తమ్ముడు పదేళ్ల కిందటే ఈ గ్లుటమిన్ పొడి డబ్బాలు కొనేవాడు. మేడమ్ నావైపు ఒకసారి చూశారు.

"లేదప్పా. అప్పుడు యాడా దొరికేది కాదు."

ఆయన ఖాళీ బోన్ల వైపు తిరిగాడు. "వింటివా పిల్లమ్మా? అప్పుడు యాడా దొరికేది కాదంట."

ఆ మధ్యాహ్నం ఆయన్ని పిలవలేదు. నా క్యారియర్ తీసుకుని నేనే వెళ్లి ఆ వాకిట్లో కూర్చున్నాను. ఆయన తన సంగటిలో సగం తుంచి నా గిన్నెలో పెట్టాడు. నేను తల వంచుకుని తిన్నాను. నిజం మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.