నా పేరున్న ఇంకొకామె

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షోరూంలో ఏండ్ల తరబడి బిల్లింగ్‌లో కూర్చున్నాక నాకొక కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం దొరికింది. చేరేముందు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుందన్నారు. చేసుకోనీ, నాకేం భయం అనుకుని షోరూంలో మానేశాను.

ఎల్బీనగర్‌లో మేం కిరాయికున్న అపార్టుమెంటుకు వెరిఫికేషన్ మనిషి వచ్చినప్పుడు నేను పాపను బడి నుంచి తేవడానికి పోయాను. తిరిగొచ్చేసరికి మెట్ల దగ్గర ఓనరాంటీ నిలబడి ఉంది. వాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. రోజూ పాప బుగ్గ గిల్లి గానీ వదలని మనిషి ఆ రోజు పాప వైపే చూడలేదు.

"ఏమ్మా, నీ మీద చీటింగ్ కేసుందంటగా? ఎవరో వచ్చి అడిగి వెళ్లాడు. ఇల్లు తీసుకునేటప్పుడే చెప్పాల్సింది కదా."

నాకేం అర్థం కాలేదు. వాచ్‌మన్‌ను అడిగితే తల గోక్కున్నాడు.

"నన్నడిగిండు, ఇస్త్రీ ఆయన్నడిగిండు, ఎదురింటోళ్లనడిగిండు. గీమె మీద కోర్టుల కేసున్నది, మీకెర్కేనా అని. మాకేం ఎర్కలేదన్నం మేడం."

కంపెనీకి ఫోన్ చేశాను. మా జిల్లా కోర్టులో నా పేరే ఉన్న, తండ్రి పేరు కూడా మా నాయనదే ఉన్న ఒకామె మీద కేసు కనబడిందట. నా జాయినింగ్ ఆపారట. మాది పోచంపల్లి పక్కన పల్లె. మా అమ్మ నాకు పెట్టింది దేవత పేరు. మా వైపు ఏ వాడకు పోయినా ఆ పేరున్నవాళ్లు దొరుకుతారు. మా నాయన పేరూ అట్లాంటిదే. ఆ సంగతి చెప్పబోతుంటే అవతలి అమ్మాయి "మెయిల్ పెట్టండి" అని ఫోన్ పెట్టేసింది.

వెరిఫికేషన్ చేసిన ఏజెన్సీ ఆఫీసు మా ఇంటికి దగ్గరే. పోయాను. తలుపు దగ్గరే ఆపారు. "క్యాండిడేట్లతో మేం మాట్లాడం మేడం. మీ కంపెనీతోనే మాట్లాడుకోండి." కంపెనీ వాళ్లేమో ఏజెన్సీ చెప్పాలంటారు. నేను కాదని చెప్పుకోవడానికి ఒక్క మనిషి దొరకలేదు నాకు.

ఆ సాయంత్రం మా ఆయన చాలాసేపు ఫోన్ చూస్తున్నట్టు కూర్చుని, చివరికి అడిగాడు.

"నీకు తెలువకుండ ఎవరన్న నీతోని ఏమన్న సంతకం పెట్టించుకున్నరా?"

"నన్నే అడుగుతున్నవా?"

"అనుమానంతోని కాదు. జర యాదికి తెచ్చుకో."

యాదికి తెచ్చుకున్నాను. షోరూంలో పెట్టిన సంతకాలు, గ్యాస్ కనెక్షన్‌కు పెట్టినవి, బ్యాంకులో చదవకుండా పెట్టినవి, అన్నీ. తెల్లారేసరికి నన్ను నేనే నమ్మలేని స్థితికొచ్చాను. ఏమో, నేనేనేమో.

తర్వాత ఓనరాంటీ పైకొచ్చింది. "మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఇంటికి పోలీసులూ వాళ్లూ వస్తే బాగుండదమ్మా. వేరే ఇల్లు చూసుకోండి." బతిమాలాను. పాప పరీక్షలయ్యేదాకా ఆగమన్నాను. అంతవరకే ఒప్పుకుంది.

కంపెనీకి మెయిల్ మీద మెయిల్ పెట్టాను. ఒక దశలో అందులో ఏం రాస్తున్నానో నాకే తెలిసేది కాదు. ఎట్టకేలకు మళ్లీ విచారిస్తామన్నారు. ఈసారి ఆ ఏజెన్సీ నుంచే ఒకామె ఫోన్ చేసింది. "ఇంటికి రమ్మంటరా, బయట కలుద్దమా మేడం?" అని ముందు నన్నే అడిగింది. ఇంటికే రమ్మన్నాను. కింద వాచ్‌మన్ ఎవరని అడిగితే నన్ను కలవాలని మాత్రమే చెప్పిందట.

ఆమె కోర్టు కాగితాలు తెప్పించి చూసి వచ్చింది. నా ఆధార్ పక్కన పెట్టుకుని వయసు, ఊరు, భర్త పేరు ఒక్కొక్కటే పోల్చుకుంది. "ఈ కేసున్నామె మీకన్న చాన పెద్దది. ఊరు కూడ వేరే. మీరు కాదు. నేను అట్లనే రాస్త."

నేను ఏడవలేదు. లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "కిందికి రా అక్కా. ఈ మాటే మా ఓనరాంటీకి చెప్పు. వాచ్‌మన్‌కు, ఎదురింటోళ్లకు చెప్పు."

ఆమె కదలలేదు. "చెప్పరాదు మేడం."

"ఉన్నదని ఊరంత చెప్పొచ్చు గానీ లేదని చెప్పరాదా?"

"మొదలు వచ్చినాయన అట్ల అందర్ని అడుగుడే తప్పు. మా ఆఫీసుకు రాస్త. కానీ నేను కూడ మీ సంగతి వేరేటోళ్ల ముంగట మాట్లాడొద్దు. మంచిదైన, చెడ్డదైన."

అరిచాను. నోటికొచ్చినట్టు తిట్టాను. నీ రూలు నువ్వే పెట్టుకో, నా ఇల్లు పోతున్నది అన్నాను. ఆమె మొత్తం విన్నది. కళ్లు తుడుచుకుంది కూడా. కానీ కింద ఎవరితోనూ మాట్లాడకుండా స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. రిపోర్టు క్లియర్ అయ్యిందట. అయితే ఆ పోస్టు అప్పటికే నిండిందట. ఆ మెయిల్ పట్టుకుని నేనే ఓనరాంటీ దగ్గరికి పోయాను. ఆమె చూసి, "పోనీలే, మంచిదేనమ్మా. కానీ వేరేవాళ్లకి మాటిచ్చేశాం" అంది.

వనస్థలిపురం లోపలికి, చిన్న పోర్షన్‌కు మారాం. ఇప్పుడు బాటసింగారం పండ్ల మార్కెట్‌లో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తున్నాను. చేరేటప్పుడు ఆయన మీది ఏ ఊరని తప్ప ఇంకేం అడగలేదు. ఆ కేసున్నది నేను కాదని తేలిన రోజు ఆ మాట చెబితే మా ఆయన "నాకు తెల్సు" అన్నాడు. తెలిస్తే ఆ సాయంత్రం ఎందుకడిగినట్టని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఇంతవరకు అడగలేదు.