ముందేంటి మేడమ్

ఎవరు ఏ పని చెప్పినా "దానికి ముందేంటి?" అని అడక్కుండా ఆవిడ నాలుక ఊరుకోదు. విహారనౌకలు మరమ్మతుకి వచ్చినప్పుడు ఏ పని తర్వాత ఏ పని జరగాలో నిర్ణయించే ప్లానరు ఆవిడ. వెల్డర్ల నుంచి వంటవాళ్ల దాకా అందరికీ ముందేంటి మేడమే.

ఆవిడతో ఎక్కువ వేగింది, ఏటా మరమ్మతుకి వచ్చే ఓ ఓడ చీఫ్ ఇంజినీరు. ఆయనకి ఓపిక తక్కువ, గొంతు ఎక్కువ.

"మేడమ్, రేపు డాన్సు హాల్లో కార్పెట్ పరిచేస్తాం."

"దానికి ముందేంటి?"

"రంగులు. అయిపోయాయి."

"పైకప్పులో పైపులు పరీక్షించారా?"

లేదు. మర్నాడు పరీక్షిస్తే పైపు కారి చీఫ్ నెత్తి తడిసింది. కార్పెట్ బతికిపోయింది. మళ్లీ ఆవిడ మాటే నెగ్గిందని ఆయనకి ఒళ్లు మండింది.

ఓసారి చీఫ్ ఆవిడ ఇంటికి భోజనానికి వెళ్లాడు. ఆవిడ భర్త, "వడ్డించెయ్యనా?" అన్నాడు.

"దానికి ముందేంటి?"

భర్త తొణకలేదు. "కుక్కర్ మూత తియ్యాలి. దానికి ముందు ఆవిరి పోవాలి. దానికి ముందు... స్టవ్ వెలిగించాలి. మర్చిపోయాను."

వెలిగించొచ్చి చీఫ్ పక్కన కూర్చున్నాడు. "పెళ్లి చేసుకుందామా అన్నప్పుడూ ఇదే ప్రశ్న వేసిందండీ. నా పేరు చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది."

అలాంటి మనిషి ఈసారి తప్పులో కాలేసింది. చీఫ్‌కి పండగలా ఉంది.

డాన్సు హాలు ముందు తయారవ్వాలని ఓడ కంపెనీ డైరెక్టరు పట్టుబడితే, ఆవిడ కింది అంతస్తులో సిబ్బంది గదుల ఏసీ పని ముందు పెట్టించింది.

"ఆ లైను వేరు, హాలు లైను వేరు. రెంటికీ సంబంధమే లేదు మేడమ్," అన్నాడు చీఫ్, మీసం కింద నవ్వుకుంటూ.

"తెలుసు. ఒకసారి కిందికెళ్లి చూసి రండి."

మిట్టమధ్యాహ్నం. ఊరంతా ఎండకి ఉడికిపోతోంది. రాత్రి డ్యూటీ చేసిన వెల్డర్లు కింది గదుల్లో నిద్రకోసం తంటాలు పడుతున్నారు. ఒకడు గుండెల మీద తడి తువ్వాలు పరుచుకున్నాడు. ఇంకొకడు గదుల బయట నడవాలో ఇనప నేల మీదే పడుకుంటే, పక్కవాడు అట్టముక్కతో ఇద్దరికీ విసురుతున్నాడు.

చీఫ్ పైకొచ్చేసరికి డైరెక్టరు ఆవిడ మీద మండిపడుతున్నాడు. చీఫ్‌ని చూడగానే, "మీరు చెప్పండి. హాలుకి ముందు సిబ్బంది ఏసీ ఎందుకు? ఈవిణ్ణి మార్చమంటారా?" అన్నాడు.

ఇన్నేళ్లుగా చీఫ్ ఎదురుచూసిన ప్రశ్న అది. గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్ చెప్పిందే కరెక్టు సార్. హాలు వెనక వాల్వు ఉంది. కింద ఒత్తిడి సరిచెయ్యకపోతే అది వేడెక్కి, వేడి వెనక్కి తన్ని..." అంటూ అందుకున్నాడు. తను చెప్పేది తనకే అర్థం కాలేదు.

"సరే సరే, కానివ్వండి," అని డైరెక్టరు వాచీ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆవిడ చీఫ్ వైపు తిరిగింది. "ఆ వాల్వు ఎక్కడుంది?"

"లేదు."

"అయితే పెట్టించండి. ఆయన చూస్తానంటే?"

ఆ సాయంత్రానికే కింది గదులు చల్లబడ్డాయి. మర్నాడు వెల్డర్లని నిద్ర లేపడం ఎవరి తరమూ కాలేదు. హాలు మాత్రం అనుకున్న నాటికే సిద్ధమైంది.

హాలు వెనక గోడకి ఇప్పటికీ ఓ ఎర్ర వాల్వు ఉంది. ఏ పైపుకీ తగలదు. చీఫ్ దానికి వారం వారం నూనె పెట్టిస్తాడు.